ఎవరి జబ్బు వాళ్ళే చెప్పుకోవాలి

గుండెజబ్బు అనుకుని ఆస్పత్రికి పోయి, గుండె భేషుగ్గా ఉందని చెబితే దిగులుపడి తిరిగొచ్చిన మనిషి ఎవరైనా మీకు తెలుసా? తెలియకపోతే ఇదిగో, నేనున్నాను. పేరు రమణయ్య, వయసు నలభై ఆరు. సూళ్లూరుపేటకు తూర్పున, పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టుకు బతికే ఊరు మాది. ఈ నాలుగు మాటలు రాయడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఒకప్పుడు మూడు వారాల్లో నేను ముగించిన పనులన్నీ చెబితే మీకు ఆయాసం వస్తుంది. నాకూ వచ్చింది. ఇది ఆ ఆయాసం సంగతే.

జూన్

అప్పట్లో నాకు నాలుగు పనులు. తెల్లవారగానే షేర్ ఆటోలో జనాన్ని సూళ్లూరుపేట స్టేషనుకు చేర్చి, చెన్నై బండి ఎక్కించడం ఒకటి. వస్తూ వస్తూ ఊళ్ళో పట్టిన పీతలు పోగుచేసి చెన్నైకి పంపడం రెండు. పదో తరగతి గట్టెక్కిన పాపానికి మత్స్యకారుల సంఘం కాగితాలు రాయడం మూడు. నాలుగోది తాతల నాటిది, పాడు.

పాడు గురించి చెప్పాలి. మా సరస్సులో ఎవరికి తోచిన చోట వాళ్ళు వల కట్టడానికి లేదు. సముద్రం సరస్సులోకి వచ్చే మొగ దగ్గర రొయ్య పారే దారులు కొన్నే. ఏ దారిలో ఏ రోజు ఎవరు వల కట్టాలో ఏడాదికొకసారి చీట్లు తీసి తేలుస్తారు. ఆ వంతు పేరే పాడు. ‘మాకు పాడొచ్చింది’ అని మేం సంబరంగా చెబితే బయటివాళ్ళు పరామర్శకు వస్తారు. మాకు మాత్రం అది అన్నం. పాడులో పేరుంటే ఊరి మనిషివి. పేరు లేకపోతే ఊళ్ళో ఉంటున్నవాడివి, అంతే. మా తాత పేరు, ఆయన తర్వాత నాన్న పేరు, ఆ తర్వాత నా పేరు అందులో ఉంటూ వచ్చాయి.

పాడుకు ఇద్దరు జతగా పోవాలి. నా జతగాడు పోలయ్య, నా భార్య అంకమ్మకు తమ్ముడు. ముప్పై దాటినవాడు. నేను నిమిషానికి అరవై మాటలు మాట్లాడితే వాడు రోజుకు ఆరు మాట్లాడతాడు. ఆ ఆరూ నన్ను వెక్కిరించడానికే.

“బావా, నువ్వు పోయినాక నిన్ను నీ ఆటోలోనే తీసకపోవాల. భుజాల మీద మోసినామంటే లేటయిపోతా ఉండాదని లేచి కూర్చుంటావు” అన్నాడు ఒకసారి. ఊరంతా నవ్వింది. నేనూ నవ్వాను, నవ్వడానికి రెండు క్షణాలు మించి కేటాయించకుండా.

మొదటిసారి అది వచ్చింది రైల్వే గేటు దగ్గర. ఆటోలో ఏడుగురున్నారు. గేటు పడింది. గూడ్సు బండి, ఎన్ని పెట్టెలో తెలియదు, పోతూనే ఉంది. చేయడానికి ఏమీ లేదు. అప్పుడు వెనక నుంచి ఎవరో నా రెండు డొక్కలూ పట్టి నొక్కినట్టయింది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. చేతివేళ్ళు తిమ్మిరెక్కాయి. వెలుతురు పలచబడింది. చచ్చిపోతున్నాను అనిపించలేదు. చావు ఎప్పుడో జరిగిపోయిందనీ, కబురే నాకు ఆలస్యంగా అందుతోందనీ అనిపించింది.

గేటు లేచింది. వెనక హారన్లు మోగాయి. బండి నడిపాను. చెన్నై రైలు అందింది. ఏడుగురిలో ఒక్కరికీ అనుమానం రాలేదు. అదీ నా పనితనం!

తర్వాత అది వారానికొకసారి, ఆ తర్వాత రెండు మూడు రోజులకొకసారి వచ్చింది. నేను ఖాళీగా ఉన్నప్పుడే వస్తోందని కనిపెట్టాను. కనిపెట్టి ఏం చేశాను? ఖాళీ లేకుండా చేసుకున్నాను. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నవాడి తెలివి నాది.

ఆగస్టు

ఒకరోజు పొద్దున అంకమ్మ నీళ్ళు పట్టుకుని వచ్చేసరికి నేను వంటింటి గడప మీద కూలబడి, తలుపు రెక్కను రెండు చేతులా పట్టుకుని ఉన్నాను. ఎందుకు పట్టుకున్నానంటే, వదిలితే పడిపోతానని. కూర్చున్నవాడు ఎక్కడికి పడతాడో ఆ క్షణంలో నాకు తట్టలేదు. ఆమె అరవలేదు. బిందె దించి, చీర మార్చుకుని, “లే, నెల్లూరు పోదాం” అంది.

నెల్లూరు ఆస్పత్రిలో నాది నలభై నాలుగో టోకెను. లోపల పదో నంబరు నడుస్తోంది. వేచి ఉండే గదిలో అందరూ ఎదురుగోడ వైపే చూస్తుంటారు, ఆ గోడ మీద ఏమీ లేకపోయినా. తలుపు తెరుచుకున్నప్పుడల్లా అన్ని తలలూ లేచి, తమ నంబరు కాదని తెలిశాక అన్నీ కలిసి వంగుతాయి. నా పక్కన మనుబోలు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, తలకు తుండుగుడ్డ చుట్టుకుని కూర్చుని ఉన్నాడు. చాలాసేపు నా కాలు వంకే చూశాడు.

“ఏమబ్బయ్యా, కుట్టుమిషను తొక్కతా ఉండావు, గుడ్డ ఏదీ?”

అప్పుడు చూసుకున్నాను. నా కుడికాలు దానంతట అదే ఆడుతోంది.

“గుండికా?” అన్నాడు.

“అనుకుంటా ఉండా.”

“నాకు నరాలు. నాది ముప్పై ఒకటి. ఇట్టా తే నీ చీటీ, మార్చుకుందాం. ఇంటికి పోయి నేను చేసేదేముందిలే.”

ఇచ్చేశాను. ఆయన చీటీ లాక్కున్నాను అంటే ఇంకా నిజంగా ఉంటుంది. దండం పెట్టలేదు, పేరు అడగలేదు. పదమూడు నంబర్లు ముందుకు జరిగానన్న సంతోషం తప్ప ఆయన మొహం కూడా నాకు గుర్తు లేదు. ఆయన తర్వాత ఎంతసేపు కూర్చున్నాడో ఏమో.

డాక్టరమ్మ గుండెకు పరీక్షలన్నీ చేయించి, కాగితాలు చూసి, “మీ గుండె బాగుందండీ” అంది.

“ఇంకోసారి చూడండి మేడం” అన్నాను. ఏదో ఒకటి దొరకకపోతే ఇంతసేపూ వృథా అన్నట్టు.

“గుండె కాదు అంటే ఏమీ కాదు అని అర్థం కాదు. ఇది మనసుకు వచ్చే ఆయాసం. అబద్ధం కాదు, పిచ్చి కాదు, మందులున్నాయి. కానీ మందులు సగం పనే చేస్తాయి. మిగతా సగం మీరు నిదానించాలి. రోజుకు ఒక్క పని. ఇంకో మాట. మీది నీళ్ళ మీద పని అంటున్నారు. తగ్గేదాకా నీళ్ళలోకి దిగొద్దు. అక్కడ ఇది వస్తే మీకే కాదు, మీ పక్కనున్న మనిషికి ప్రమాదం.”

మందుకు మందగమనం పథ్యమన్నమాట అని నాలో నేను చమత్కరించుకున్నాను. అంకమ్మ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆ చివరి మాట దగ్గరే ఆగిపోయింది.

బస్సులో అడిగింది. “ఆమె చెప్పింది ఇన్నావా?”

“ఇన్నా.”

“ఏం చెప్పింది?”

“గుండె బాగుండాదని.”

కిటికీ వైపు తిరిగింది. గూడూరు దాటేదాకా ఇటు తిరగలేదు.

సెప్టెంబరు, అక్టోబరు

అంకమ్మ ఇంకేమీ అనకపోవడానికి కారణం ఉంది. మా ఊరి కట్టుబాటు ఒకటి చెబితేనే మీకది అర్థమవుతుంది. మేం దాన్ని దురాయి అంటాం. ఒంట్లో బాగాలేనివాడు పాడుకు పోకూడదు. అతని పేరు ఆ ఏడాది చీట్లలో పడదు. అతని జతగాడికి ఊరి పెద్దలు వేరే జతను చూపిస్తారు. అయితే బాగాలేదన్న మాట చెప్పాల్సింది జబ్బున్నవాడే. పెళ్ళాం చెప్పకూడదు, అన్నదమ్ములు చెప్పకూడదు, జతగాడు అసలే చెప్పకూడదు. వెనకటికి పగబట్టినవాళ్ళు ఒకరిమీదొకరు జబ్బులు పుట్టించి వంతులు పోగొట్టుకున్నారట. అందుకని ఈ ఏర్పాటు. ఇంకొకరి జబ్బు గురించి నోరు జారినవాడి పేరు కూడా చీట్లలోంచి తీసేస్తారు. ఎవరి జబ్బు వాళ్ళే చెప్పుకోవాలి.

నేను చెప్పలేదు. పేరు పోతే ఏడాది పోతుంది. ఏడాది పోతే, తాత నుంచి నాదాకా తెగకుండా వచ్చిన దారం నా చేతిలో తెగుతుంది. పైగా దేనికి తెగిందని చెప్పుకోను? కాలు విరిగిందంటే అర్థముంది. ‘తొందర ఎక్కువైంది’ అని ఎవరైనా వంతు వదులుకుంటారా?

డాక్టరమ్మ మాట పూర్తిగా పెడచెవిన పెట్టానని కాదు. నిదానించాను, నా పద్ధతిలో. గోడ మీద కాగితం అంటించాను: రెండు పదికి విశ్రాంతి మొదలు, రెండు ఇరవై అయిదుకు ముగింపు, ఆ వెంటనే సంఘం కాగితాలు. ఊపిరి నెమ్మదిగా లోపలికి తీసి, ఆపి, వదలమని డాక్టరమ్మ నేర్పిన కసరత్తు ఆటో నడుపుతూ చేసేవాణ్ణి. గేటు పడేలోపు ఇరవై అయిపోవాలి. అలా నాలుగు పనులవాణ్ణి కాస్తా అయిదు పనులవాణ్ణయ్యాను. అయిదోది విశ్రాంతి.

అంకమ్మ ఆ కాగితం ముందు నిలబడి, “ఇది విశ్రాంతా, రైలు టైమా?” అంది.

మాత్రలు మాత్రం సమయానికే వేసుకున్నాను. ఆటో సీటు కింద దాచి, ఎవరూ చూడకుండా. వాటివల్ల కొంత తగ్గింది కూడా. కొంత తగ్గడమే నా కొంప ముంచింది. పూర్తిగా తగ్గిందని ఊరికి కాదు, నాకు నేనే చెప్పుకున్నాను.

నవంబరు

వానలకు మొగ వెడల్పయింది. రొయ్య బాగా పారుతోంది. ఆ ఉదయం మా పాడు.

మా వల కట్టే తీరు ఇది. గెడలు నేలలోకి దింపి, వాటికి వల కట్టి, సరస్సు నీళ్ళు సముద్రంలోకి తీసే సమయంలో రొయ్యను ఆపుతాం. ఆ తీయడాన్ని పాటు అంటాం. పాటు నడిచినంతసేపూ పడవలో కూర్చోవడమే. నీళ్ళు నిలబడ్డాక ఒకడు దిగి, మునిగి, వల అడుగున ఉన్న తాడు ముడి విప్పుతాడు. వాడు పైకి వచ్చి పడవ అంచు మీద చెయ్యి వేసేదాకా, పైనున్నవాడు వల లాగకూడదు. మా దగ్గర నడవడం నేర్చిన ప్రతివాడికీ తెలిసిన సంగతి ఇది.

ఆరోజు పొద్దున్నుంచే నీళ్ళ రంగు బాగాలేదు. మందంగా, మట్టిగా, అరవకుండా పోతున్నాయి. ఒడ్డున పీతల బుట్టలు కట్టి ఉంచాను, చెన్నై బండి అందాలి. అరగంట కూర్చున్నాక డొక్కల దగ్గర ఆ రెండు చేతులూ వచ్చాయి. ఊపిరి లెక్కపెట్టాను. లెక్క తప్పింది. మళ్ళీ మొదలుపెట్టాను. వెలుతురు పలచబడుతోంది. ఈ పడవలోంచి దిగకపోతే ఏదో జరుగుతుంది, దిగాలి, ఇప్పుడే దిగాలి.

“పోలయ్యా, దిగు. నీళ్ళు నిలబడ్డాయి.”

“ఇంకా నిలబళ్ళేదు బావా.”

“నిలబడ్డాయంటా ఉంటే!”

వాడు నా మొహం చూశాడు. అంత సేపు ఎప్పుడూ చూడలేదు. దిగాడు, మునిగాడు.

పాటు ఇంకా నడుస్తూనే ఉంది. వాడు ముడి విప్పాడో లేదో నేను చూడలేదు. చెయ్యి కోసం ఆగలేదు. తాడు పట్టుకుని లాగాను. ఎందుకు లాగానో ఇవాళ్టికీ చెప్పలేను. నా చేతులు నాకంటే ముందు పనిలోకి దిగాయి. గెడ వంగింది. వల నీళ్ళ తోపుకు మెలితిరిగి కిందికి చుట్టుకుంది. తాడు నా చేతుల్లో బరువెక్కింది. రొయ్య బరువు కాదది. కాసేపు గుంజి, ఆగి, మళ్ళీ గుంజే బరువు.

నేను నీళ్ళ వైపు చూస్తూ ఉండిపోయాను. అరవలేదు, దూకలేదు. రోజంతా పరుగెత్తే మనిషిని, అవసరమైన ఆ ఒక్క నిమిషంలో కొయ్యబారిపోయాను.

వాడంతట వాడే కత్తితో వల కోసుకుని బయటపడ్డాడు. పడవ అంచు పట్టుకుని చాలాసేపు దగ్గాడు. మోకాలి కింద తాడు కోసుకుపోయి, చుట్టూ ఎర్రగా గీత పడింది. పైకి లాగబోతే నా చెయ్యి అందుకోకుండా తనే ఎక్కాడు.

“పాటు ఇంకా ఉండాది గదా బావా” అన్నాడు. అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

ఒడ్డున అడిగినవాళ్ళందరికీ “గెడ జారింది” అని చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను. తల ఊపాను.

డిసెంబరు, జనవరి

ఆ తర్వాత ఊరు నా చుట్టూ నెమ్మదిగా మూగబోయింది. టీ బంకు దగ్గరికి పోతే మాటలు ఆగేవి. ఆగి, వాన గురించి మొదలయ్యేవి. సంఘం గదిలో నేను పెన్ను తీస్తే అందరి చూపూ నా వేళ్ళ మీద. ఎవరూ ఏమీ అడగలేదు. “ఎట్టుండావన్నా?” అని కూడా అడగడం మానేశారు. ఎవరూ ఏమీ అనడం లేదు కాబట్టి ఎవరికీ ఏమీ తెలియదని మొదట అనుకున్నాను. తర్వాత, నా పేరు తీసేయడానికి చాటున ఏదో నడుస్తోందని అనుకున్నాను. మా ఊళ్ళో పుట్టినవాడు పడకూడని పొరపాటు అది. మా ఊళ్ళో పుట్టినవాడే పడగల పొరపాటూ అదే. వాళ్ళు నాకోసం నోరు కట్టుకుని కూర్చున్నారని, నేను తెరవాల్సిన తలుపు ముందే ఊరంతా నిలబడి ఉందని నాకు తట్టనేలేదు.

మా పాడు వచ్చిన ప్రతి రోజూ అంకమ్మ ఒడ్డుకు రావడం మొదలుపెట్టింది. పడవ కదిలినప్పటి నుంచి తిరిగొచ్చేదాకా చలిగాలిలో కొంగు తల మీద కప్పుకుని అదే చోట నిలబడేది. పోలయ్య నాతో వస్తూనే ఉన్నాడు. కానీ మొలలో ఉండే కత్తి చాలదన్నట్టు ఇంకొకటి కూడా కట్టుకుంటున్నాడు. మాటలు ఆరు నుంచి సున్నాకు దిగాయి. వెక్కిరింతలు కూడా లేవు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

ఒకరోజు విసుగొచ్చి అంకమ్మను అడిగాను. “ఏం, నన్ను కాపలా కాస్తా ఉండావా?”

“నిన్ను కాదు” అంది. “నా తమ్ముణ్ణి.”

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. ఆటో తీసుకుని స్టేషనుకు పోయాను, ఎక్కేవాళ్ళు లేకపోయినా.

ఫిబ్రవరి

కొత్త ఏడాది చీట్లకు ముందు ప్రతివాడూ తన తాటాకు ముక్క తెచ్చి, ఊరి పెద్ద కోదండం పెద్దయ్య చేతికి ఇవ్వాలి. ఆకు మీద ఎవరి గుర్తు వాళ్ళది. ఆకులన్నీ ఒక కుండలో వేసి తీస్తారు. నేను చివరి రోజు సాయంత్రం పోయాను. ఏం మాట్లాడాలో దారిపొడవునా సిద్ధం చేసుకున్నాను. ఎవరైనా నా మీద ఏదైనా చెప్పి ఉంటే, దురాయి ప్రకారం ముందు వాళ్ళ పేరు తీయాలని గట్టిగా అడగాలి.

పెద్దయ్య వసారాలో కూర్చుని ఉన్నాడు. కుండ ఒక పక్క, ఈ ఏడు పాడుకు రానివాళ్ళ ఆకులు వేసే మూతలేని బిస్కెట్ల డబ్బా ఒక పక్క. నా ఆకు తీసుకున్నాడు, కుండలో వేయలేదు. చేతిలోనే ఉంచుకున్నాడు.

“కూర్చో రమణా. నీ జతగాడు ఈ ఏడు పాడుకు రాడంట.”

“ఎవురు, పోలయ్యా?”

“మొన్న వచ్చి ఆకు ఈ డబ్బాలో వేసిపోయినాడు. కళ్ళు తిరగతా ఉండాయంట. డొక్కల్లో పట్టుకుంటా ఉండాదంట. నీళ్ళ మీద వెలుగు తగ్గిపోతా ఉండాదంట.”

నేను డబ్బాలోకి చూశాను. పోలయ్య గుర్తు, పడవ మీద రెండు గీతలు. ఆ మాటలు వాడికి ఎక్కడివి? అక్షరం తప్పకుండా నావి. నెల్లూరులో అంకమ్మ ముందు డాక్టరమ్మకు తప్ప నేనెక్కడా అనని మాటలు. నా మీద నోరు విప్పడానికి లేదు. నాతో దిగడానికి ధైర్యం లేదు. నన్ను కాదని ఇంకో జత అడిగితే నాకేదో ఉందని చెప్పినట్టే. అందుకని వాడు నా జబ్బు తన ఒంటి మీద వేసుకుని, తన ఏడాదిని డబ్బాలో పడేసి పోయాడు.

“అయితే నీకు వేరే జత ఇయ్యాల గదా” అన్నాడు పెద్దయ్య. ఆయన మొహంలో ఏమీ లేదు. “ఎవుర్ని ఇమ్మంటావో నువ్వే చెప్పు. మూడు దినాలుగా చూస్తా ఉండా, ఎవురి బిడ్డను నీ పడవెక్కించాలా అని. నాకు తేలలేదు.”

నోరు తెరిచాను. గోవిందు అందామనుకున్నాను. మా వీధి చివర ఇల్లు, మంచి ఈతగాడు. వాడి పేరు నోటిదాకా వచ్చింది. దాంతోపాటే తాడు బరువు చేతుల్లోకి వచ్చింది, గుంజి, ఆగి, మళ్ళీ గుంజుతూ. ఇంకొకడి పేరు అనుకున్నాను. వాడి తల్లి ఒడ్డున కొంగు కప్పుకుని నిలబడింది. ఊళ్ళో నాకు తెలిసిన ప్రతి మగవాణ్ణీ ఒక్కొక్కరుగా ఆ నీళ్ళలోకి దింపి చూశాను. ఒక్కరూ పైకి రాలేదు.

ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. పెద్దయ్య తొందరపెట్టలేదు. నా జీవితంలో నేను తొందరపడకుండా చేసిన మొదటి పని అదే కాబోలు.

“ఎవురూ వద్దు పెద్దయ్యా” అన్నాను. “కళ్ళు తిరిగేది నాకు. పోలయ్యకు కాదు. జూన్ నుంచి. నెల్లూరులో మాత్రలు రాసినారు. నీళ్ళలోకి దిగొద్దన్నారు. దిగినా. నవంబర్లో గెడ జారలేదు, నేనే లాగినా.”

పెద్దయ్య నా ఆకు డబ్బాలో వేశాడు. పోలయ్య ఆకు తీసి, తుడిచి, కుండలో వేశాడు. “గోవిందుకు జత లేడు. వాడికి చెబుతాలే” అన్నాడు. తర్వాత లోపలికి కేకేశాడు. “అమ్మే, రమణకు మజ్జిగ తే. ఇప్పుడే పడవ దిగినాడు.”

ఇంటికి వచ్చేసరికే కబురు నాకంటే ముందు చేరింది. ఈసారి నేను ఆలస్యం. పోలయ్య అరుగు మీద ఉన్నాడు. నన్ను చూసి లేచి, నెలల తర్వాత మొదటిసారి గొంతెత్తాడు.

“నిన్నెవురు చెప్పమన్నారు బావా? ఏడాదంతా మా అక్క చేతి కూడు తింటా మంచమెక్కి పడుకుందామనుకుంటే, చెడగొట్టినావు గదయ్యా!”

తర్వాత అరుగు అంచున కూర్చుని, మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. అంకమ్మ వచ్చి మా ఇద్దరి మధ్య ఒక చెంబు నీళ్ళు పెట్టి లోపలికి పోయింది.

ఇప్పుడు

పీతల పని వదిలేశాను. సంఘం కాగితాలు ఇంకొకరికి అప్పగించాను. వాళ్ళు నాకంటే బాగా రాస్తున్నారని విన్నాను, కొంచెం బాధపడ్డాను. పొద్దున ఒక్క ట్రిప్పు ఆటో. గోడ మీది కాగితం చించలేదు, అదే ఊడి పడింది. జబ్బు పోయిందని చెప్పను. నెలకొకసారి వచ్చి తలుపు దగ్గర నిలబడి చూసిపోతుంది. మాత్రలు ఇప్పుడు సీటు కింద లేవు, వంటింట్లో ఉప్పు డబ్బా పక్కన ఉన్నాయి. మీలో ఎవరికైనా గేటు దగ్గర ఆ చేతులు తగిలి ఉంటే, మీ చుట్టూ అందరూ వాన గురించే మాట్లాడుతుంటే, వాళ్ళకు తెలియదనుకోవద్దు. మీరు చెప్పేదాకా వాళ్ళు ఊపిరి బిగపట్టుకుని ఉంటారు. అది వాళ్ళకూ మంచిది కాదు.

మొన్న పోలయ్య, గోవిందుల మొదటి పాడు. అంకమ్మతో పాటు నేనూ ఒడ్డున కూర్చున్నాను. నీళ్ళు తీయడం మొదలైనప్పటి నుంచి నిలబడేదాకా చూశాను. ఇరవై ఏళ్ళు పాడుకు పోయాను గానీ, పాటు ఎంతసేపు నడుస్తుందో నాకు ఆరోజే తెలిసింది. ఒక్కో గెడ దగ్గర నురుగు సన్నబడి, పక్షి ఒకటి అటు నుంచి ఇటు నడిచి, నీడ నా పాదం నుంచి మోకాలి దాకా వచ్చేంత సేపు. పడవలో ఇద్దరూ కదలకుండా కూర్చున్నారు.

తర్వాత పోలయ్య దిగాడు, మునిగాడు.

నీళ్ళు మూసుకున్నాయి. అంకమ్మ నా ముంజేయి పట్టుకుంది. గోవిందు తాడు ముట్టలేదు, చూస్తున్నాడు. నేను చేయగలిగింది ఏమీ లేదు. లేవలేదు, అరవలేదు, ఊపిరి లెక్కపెట్టలేదు. నీళ్ళు అట్లాగే ఉన్నాయి, మట్టిరంగులో, నున్నగా. ఇంకా అట్లాగే ఉన్నాయి.

వాడి తల పైకి లేచింది.

అప్పుడు చూసుకున్నాను, నా గుండె దడదడా కొట్టుకుంటోంది. ఈసారి దానికొక కారణం ఉంది.